పగలు ఉద్యోగం, రాత్రి సైన్సు

1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబానికి అడ్డంగా నడిచింది. ప్రపంచంలోని ఖగోళ శాస్త్రజ్ఞులంతా టెలిస్కోపులు సర్దుకుని కాచుకున్న ఆ ఏడాదే, మద్రాసు వేధశాల ఉద్యోగి చింతామణి రఘునాథాచారి ఒక చిన్న పుస్తకం వేశాడు. ఆయన పంచాంగాలు గుణించే ఇంట్లో పుట్టాడు. కంపెనీ కాలం నాటి వేధశాలలో నక్షత్రాల స్థానాలు కొలవడం ఆయన ఉద్యోగం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఒక బృందాన్ని వెంటబెట్టుకుని వనపర్తి దాకా వచ్చాడు. అదే రోజు గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ సూర్యుడి వెలుగును వర్ణపటంగా విడదీసి చూశారు. హీలియం జాడ మొదట కంటబడింది ఆ గ్రహణానికే.

శుక్రుడి మీద రాసిన పుస్తకాన్ని రఘునాథాచారి మొదట పాఠంలా రాయలేదు. ఒక పండితుడు, ఒక సిద్ధాంతి కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు రాశాడు. ఒకరు సందేహం వెళ్లబుచ్చుతారు, ఇంకొకరు తీరుస్తారు. సూర్యుడు మనకెంత దూరమో కొలిచే పద్ధతి ఆ మాటల్లోనే తేలిపోతుంది. పుస్తకం ఇంగ్లీషుతో ఆగకుండా దేశభాషల్లోకీ వెళ్లింది. చదివేవాడికి పంచాంగం మీద ఉన్న నమ్మకాన్ని ఆయన వెక్కిరించలేదు, దాన్నే మెట్టుగా వాడుకున్నాడు. ఆ మెళకువ ఆయనకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు.

ఇప్పుడు దానికీ కాలేజీలున్నాయి. లండన్ ఇంపీరియల్ కాలేజీ 1991లో సైన్స్ కమ్యూనికేషన్‌లో ఎంఎస్సీ మొదలుపెట్టింది. ఎడింబరా విశ్వవిద్యాలయమైతే ఈ చదువును ఆన్‌లైన్‌లో, పార్ట్‌టైమ్‌గా, ఉద్యోగం మానకుండా చదువుకునే వీలుతో నడుపుతోంది. చలికాలంలో అక్కడ మధ్యాహ్నం మూడు గంటలంటే హైదరాబాద్ శివారు బడంగ్‌పేట్‌లో రాత్రి ఎనిమిదిన్నర. శంషాబాద్ ఎయిర్‌పోర్టు డ్యూటీ నుంచో, ల్యాబు నుంచో ఇల్లు చేరి, నాలుగు ముద్దలు తిని, ల్యాప్‌టాప్ తెరవడానికి సరిపోయే వేళ. డిగ్రీ కొత్తదే. పగలంతా పొట్టకూటి కొలువు చేసి, దీపం పెట్టాక సైన్సు రాసుకునే అలవాటు మాత్రం ఇక్కడ నూరేళ్లు దాటింది. తెలుగులో సైన్సు చెప్పినవాళ్లలో దాన్నే జీతపు ఉద్యోగంగా చేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

బడంగ్‌పేట్ చుట్టుపక్కల నేలకు ఈ కథతో దగ్గరి చుట్టరికమే ఉంది. 2019లో కార్పొరేషన్ అయిన ఈ ఊరి పక్కనే బాలాపూర్. వినాయక నిమజ్జనం నాడు టీవీలన్నీ చూపించే లడ్డూ వేలం అక్కడిదే, 1994లో 450 రూపాయలతో మొదలైంది. దానికి దగ్గర్లోనే, ఎత్తైన గోడల వెనక, క్షిపణి పరిశోధన చేసే రీసెర్చ్ సెంటర్ ఇమారత్. అబ్దుల్ కలాం చొరవతో 1988లో వచ్చింది. నగరం వైపు తిరిగితే కంచన్‌బాగ్ రక్షణ ప్రయోగశాలలు. వాటికి పక్కనే ఉన్న ఫిసల్‌బండలో 1901లోనే నవాబు జఫర్ జంగ్ సొంత డబ్బుతో వేధశాల పెట్టాడు. పదిహేను అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించాడు. ఆయన పోయాక, 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతుల్లోకి తీసుకుని బేగంపేటకు మార్చింది. అంతర్జాతీయ నక్షత్ర పటం కోసం అక్కడివాళ్లు ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు లెక్కగట్టారు. అంత పని జరిగిన సంగతి ఈ ఊరివాళ్లలో ఇవాళ్టికీ చాలామందికి తెలియదు. పరిశోధన చేయడం ఒక పని, దాన్ని ఊరికి చెప్పడం మరో పని. రెండోది హైదరాబాద్‌లో వేరేచోట, వేరేవాళ్ల చేతుల్లో మొదలైంది.

ఫిసల్‌బండలో టెలిస్కోపు వెలిసిన ఏడాదే, 1901 సెప్టెంబరు 1న, రెసిడెన్సీ బజారులోని రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తెరిచారు. ఆ వెనకున్న మనుషుల్లో ముఖ్యుడు కొమర్రాజు లక్ష్మణరావు. ఉద్యోగం మునగాల రాజావారి దగ్గర దివానుగిరీ. కలకత్తా విశ్వవిద్యాలయం ఎం.ఏ. ఆయన ప్రైవేటుగా చదివి తెచ్చుకున్నదే. ఇప్పటి భాషలో చెప్పాలంటే దూరవిద్య. 1906లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు వంటివాళ్లతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టాడు. మొదటి పుస్తకం గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. ఆ వెనకే సైన్సు వచ్చింది. ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం రాశాడు, వేమూరి విశ్వనాథశర్మ రసాయనశాస్త్రం రాశాడు. లక్ష్మీపతి వైద్యుడు. రోగులను చూసిన చేత్తోనే జీవకణాల గురించి రాశాడన్నమాట. తర్వాత కొమర్రాజు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, పూర్తికాకుండానే 1923లో కన్నుమూశాడు. దివాను పనీ అదీ ఒకే మనిషి మోస్తే జరిగేది అదే.

అదే నగరంలో సర్కారు వేరే దారి తొక్కింది. 1917లో అనువాద శాఖ పెట్టి, మరుసటేడు ఉస్మానియాను ఉర్దూ మాధ్యమంలో తెరిచి, వైద్యంతో సహా పాఠాలన్నీ ఉర్దూలోకి తెప్పించింది. ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయం స్థాయి సైన్సు చెప్పవచ్చని దేశానికి చూపించింది హైదరాబాదే. కాకపోతే రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు ఆ భాగ్యం పట్టలేదు. తెలుగులో కాలేజీ పాఠ్యపుస్తకాల కోసం తెలుగు అకాడమీ వచ్చేసరికి 1968.

ఆ 1968లోనే సాగర్ రోడ్డు మీదుగా వెళ్తే వచ్చే జపాల, రంగాపూర్ గ్రామాల దగ్గర ఉస్మానియా 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. పన్నెండేళ్ల తర్వాత ప్రపంచమంతా ఆ పేరు విన్నది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కర్ణాటక తీరం నుంచి ఒడిశా తీరానికి తెలంగాణ మీదుగా పోయింది. 1898 తర్వాత మన ప్రధాన భూభాగం మీద అలాంటిది అదే మొదలు. హైదరాబాద్ నగరం ఆ దారికి కాస్త ఎడంగా ఉండిపోయింది. జపాల–రంగాపూర్ మాత్రం సరిగ్గా దారిలో పడింది. ఖగోళ శాస్త్రవేత్త జే పాసకాఫ్ బృందం అమెరికా నుంచి అక్కడికి వచ్చింది. కొలరాడోలోని హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ వాళ్లు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెంలో కెమెరాలు దించారు. సూర్యుడి చుట్టూ వెలిగే కరోనా తెల్లటి పూవులా విచ్చుకున్న ఆ పాలెం ఫోటో ఇప్పటికీ శాస్త్ర గ్రంథాల్లో కనబడుతుంది.

మరి జనం ఏం చేశారు? తలుపులు వేసుకున్నారు. ఆ మధ్యాహ్నం దేశంలోని నగరాల్లో వీధులు కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ అయ్యాయి. జనం బయటికి రాకుండా దూరదర్శన్ ప్రత్యేకంగా హిందీ సినిమా వేసిందని ఆ తరం వాళ్లు నేటికీ చెప్పుకుంటారు. కళ్లు పాడవుతాయన్న హెచ్చరికలో నిజముంది, సూటిగా చూడకూడదు. కానీ ఎలా చూడాలో చెప్పేవాళ్లు తక్కువ, చూడొద్దనేవాళ్లు ఎక్కువ. వేల మైళ్లు దాటి వచ్చినవాళ్లు రెండు నిమిషాల చీకటి కోసం పొలాల్లో నిలబడితే, ఆ పొలాల ఆసాములు గడప దాటలేదు. తెలంగాణలో సైన్సు ప్రచారం ఎంత వెనకబడిందో చెప్పడానికి ఇంతకు మించిన లెక్క అక్కర్లేదు. 1995 అక్టోబరు 24 గ్రహణానికి పరిస్థితి తిరగబడింది. ఉత్తరాదిన జనం ఫిల్టర్లు పట్టుకుని గుంపులుగా మైదానాలకు వెళ్లారు. మధ్యలో ఆ పదిహేనేళ్లలో జరిగినదే ఈ కథకు గుండెకాయ.

1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది, దేశంలో మొట్టమొదటిది. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ తొలి విద్యార్థులు పాఠాలు మొదలుపెట్టి అప్పటికి పదకొండేళ్లే. తొలి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి తర్వాత ఢిల్లీ వెళ్లి 1985లో ఇగ్నోకూ తొలి వైస్ ఛాన్సలర్ అయ్యాడు. ఇక్కడ బడికెళ్లని మనిషి కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరగలిగేవాడు. తెలుగులో పాఠాలు, రేడియోలో ప్రసంగాలు, సెలవు రోజున దగ్గరి కాలేజీలో స్టడీ సెంటర్. బస్సు కండక్టరు, అంగన్‌వాడీ టీచరు, కానిస్టేబులు ఒకే బెంచీ మీద కూర్చుని భౌతికశాస్త్రం విన్నారు. ఆ పుస్తకాల తీరు గమనించదగ్గది. గురువు ఎదురుగా ఉండడు కాబట్టి పుస్తకమే విద్యార్థితో మాట్లాడాలి. మధ్యమధ్య ఆపి, అర్థమైందా అని అడగాలి, జవాబు చివర్లో ఇవ్వాలి. రఘునాథాచారి సంభాషణ వందేళ్ల తర్వాత పాఠ్యపుస్తకంలోకి దొడ్డిదారిన వచ్చింది. 1991లో విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు పెట్టారు.

రచయితలు మాత్రం పాత పద్ధతిలోనే, రాత్రిపూట రాస్తూ వచ్చారు. మనిషి పుట్టుకను ‘నరావతారం’లో, విశ్వం పుట్టుకను ‘విశ్వరూపం’లో చెప్పిన నండూరి రామమోహనరావు పత్రికా సంపాదకుడు. ‘పిడుగు దేవర కథ’, ‘కాలెండరు కథ’ రాసిన మహీధర నళినీమోహన్ ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ శాస్త్రవేత్త. కొడవటిగంటి రోహిణీప్రసాద్ భాభా అణుకేంద్రంలో పనిచేస్తూ, సితారు వాయిస్తూ, మిగిలిన వేళల్లో జీవపరిణామం గురించి రాశాడు. ‘జీవనది’ రాసిన వేమూరి వేంకటేశ్వరరావు కాలిఫోర్నియాలో కంప్యూటర్ ప్రొఫెసర్. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి డైరెక్టరుగా ఉన్న డి. బాలసుబ్రమణియన్‌కు సైన్సును జనంలోకి తీసుకెళ్లినందుకు 1997లో యునెస్కో కళింగ బహుమతి వచ్చింది, అయితే ఆయన కాలమ్ ఇంగ్లీషులో. వీళ్లెవరి దగ్గరా సైన్సు రాయడం నేర్పిన పట్టా లేదు. చదివినవాళ్లకు ఆ లోటు కనబడనూ లేదు. కానీ వాళ్లు ఎక్కడ తడబడ్డారో, ఏ మాట ఎందుకు ఎంచుకున్నారో తర్వాతివాళ్లకు అందలేదు. ప్రతి తరమూ పలకా బలపం పట్టి మళ్లీ మొదలుపెట్టింది.

1985లో లండన్ రాయల్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. జనానికి సైన్సు తెలియడం లేదు, శాస్త్రజ్ఞులు చెప్పాలి అని దాని సారాంశం. 2000లో బ్రిటన్ ప్రభువుల సభ కమిటీ అది చాలదంది. జనం మాట కూడా వినాలంది. విదేశీ కోర్సుల్లో ఈ మలుపును ఒక పాఠంగా చెప్తారు. ఇక్కడ అది నివేదికలతో రాలేదు. కంచన్‌బాగ్ కథే చూడండి. క్షిపణి కోసం తయారుచేసిన తేలికైన మిశ్రమ పదార్థాన్ని నిమ్స్ ఎముకల డాక్టరొకరు ల్యాబుకు వచ్చి చేత్తో ఎత్తి చూశాడు. కలాంను ఆస్పత్రికి తీసుకెళ్లి, మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్న పోలియో పిల్లల్ని చూపించాడు. కొద్ది వారాల్లో మూడు నాలుగు వందల గ్రాముల కాలిపర్లు వచ్చాయి. గోడ అవతల ఏముందో చూడనిస్తే, బయటివాడు శాస్త్రజ్ఞుడికి తట్టని ప్రశ్న అడుగుతాడు.

నెల్లూరు కథ ఇంకా పెద్దది. 1988లో పుట్టిన సైన్సు ప్రచార సంస్థ జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు ఆ జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో ఊరూరా తిరిగారు. రాత్రి బడుల్లో ఆడవాళ్లు చదివిన పాఠాల్లో సారా మీద ఒక కథ ఉంది. దూబగుంట ఆడవాళ్లు అది చదివి ఊరుకోలేదు, సారా దుకాణం మూయించారు. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. పాఠం రాసినవాళ్లు కూడా ఇంత ఊహించి ఉండరు. వేదిక నడిపే ‘చెకుముకి’ పత్రికకూ, ఆ పేరుతో బడిపిల్లలకు పెట్టే పోటీలకూ శ్రమపడేది ఎక్కువగా ఉపాధ్యాయులే. బడి వదిలాక, ఆదివారాల్లో, చేతి డబ్బు పెట్టుకుని.

విదేశీ ఆన్‌లైన్ కోర్సు ఒక బడంగ్‌పేట్ ఉద్యోగికి చాలా ఇవ్వగలదు. ఎవరికి చెప్తున్నామో ముందు తెలుసుకోవడం, చెప్పింది చేరిందో లేదో కొలవడం, వివాదం ఉన్నచోట రెండు వైపులా ఎంత చెప్పాలో తూచడం నేర్పుతుంది. ఫీజు పౌండ్లలో కట్టాలి, ఉదాహరణలన్నీ స్కాట్లండ్ మ్యూజియంలవీ లండన్ పత్రికలవీ ఉంటాయి. ఫిసల్‌బండ, పాలెం, దూబగుంట ఆ సిలబస్‌లో ఉండవు. జపాల–రంగాపూర్ పొలాల్లో ఆసాములు ఎందుకు తలుపులు వేసుకున్నారో అక్కడి ప్రొఫెసరు చెప్పలేడు.

అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తెలుగులో దూరవిద్య పాఠాలు రాసిన నాలుగు దశాబ్దాల అనుభవం ఉంది. రాష్ట్రం చేతిలో టీ–శాట్ చానెళ్లున్నాయి. చెకుముకి నడిపిన టీచర్లున్నారు, కొమర్రాజు నుంచి రోహిణీప్రసాద్ దాకా పుస్తకాలున్నాయి. జూబ్లీహిల్స్‌లోని ఆ విశ్వవిద్యాలయం సైన్స్ కమ్యూనికేషన్‌లో ఒక ఏడాది డిప్లొమాను, తెలుగులో, ఆదివారం క్లాసులతో, ఉద్యోగస్తులు కట్టగలిగే ఫీజుకు ప్రవేశపెట్టాలి. మొదటి సెమిస్టర్ ప్రాక్టికల్ కింద ప్రతి విద్యార్థినీ ఒక రాత్రి జపాల–రంగాపూర్ తీసుకెళ్లి, ఆ రెండు ఊళ్లవాళ్లకు ఆకాశం చూపించే పని అప్పగించాలి.