325 వెనుక ఉన్న కథ

మీ ఇంట్లోని నొప్పి మాత్రల అట్టను ఒకసారి పరిశీలించండి. కొన్నింటిపై పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు అని ఉంటుంది. 300 కాదు, 350 కాదు, 325 ఎందుకు?

పూర్వం ఐరోపాలో మందులను గ్రెయిన్లలో తూచేవారు. ఆ మాటకు ధాన్యపు గింజ అని అర్థం. ఇంగ్లండులో 20 గ్రెయిన్లు ఒక స్క్రూపుల్, 3 స్క్రూపుళ్లు ఒక డ్రామ్, 8 డ్రాములు ఒక ఔన్సు. అక్కడి గ్రెయిన్ సుమారు 64.8 మిల్లీగ్రాములు. మాత్రకు వాడుకలో ఉన్న మోతాదు 5 గ్రెయిన్లు, అంటే 324. దానిని సవరించగా వచ్చినదే 325.

అయితే పేరు ఒకటైనా తూకం ఒకటి కాదు. పారిస్ గ్రెయిన్ సుమారు 53 మిల్లీగ్రాములే. ఈ గందరగోళాన్ని తొలగించడానికి ఫ్రాన్సు 1795లో గ్రామును చట్టబద్ధం చేసింది. ప్రజలు మాత్రం పాత పేర్లను విడువలేదు. అందువల్ల 1812లో నెపోలియన్ ప్రభుత్వం చిల్లర వర్తకంలో 500 గ్రాములను ‘లీవ్ర్’ అని పిలవడానికి అనుమతించింది. 1840 నుండి మెట్రిక్ పద్ధతి మాత్రమే చెల్లింది. నెదర్లాండ్స్ 1820లో ‘ఔన్స్’ పేరును 100 గ్రాములకు ఇచ్చింది. నేటికీ అక్కడి దుకాణాలలో అదే వాడుక. ఇంగ్లీషు ఔన్సు 28 గ్రాములే!

కూరగాయల తూకంలో ఈ తేడా ప్రాణాంతకం కాదు. మందులలో కావచ్చు. గ్రెయిన్‌ను గ్రాముగా చదివితే మోతాదు పదిహేను రెట్లవుతుంది. నేడు గ్రెయిన్ దాదాపు కనుమరుగైనా ప్రమాదం పోలేదు. థైరాయిడ్ మాత్రలు మైక్రోగ్రాములలో ఉంటాయి. మిల్లీగ్రాములని పొరబడితే తేడా వెయ్యి రెట్లు. కనుక అంకెతో పాటు దాని ప్రక్కనున్న ప్రమాణాన్నీ తప్పక చదవండి.