మచ్చిక తప్పిన మార్జాలము

పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునని మన పెద్దలు చెప్పుదురు. కన్ను తెరవని కూనను మెడవద్ద నోట కరచుకొని, ఈ యింటి అటక మీదినుండి ఆ యింటి గాదె క్రిందికి, అక్కడినుండి వేరొకరి కట్టెల మోపు చాటునకు తల్లి మోసికొని పోవుట పల్లెలలో చూడనివారు అరుదు. ఆ యేడిండ్లలో ఏమి జరుగునో దానినిబట్టియే ఆ కూన రేపు మన ఒడిలో నిదురించునో, మన నీడను చూచి పారిపోవునో నిర్ణయమగుననినచో అతిశయోక్తిగా తోచవచ్చును. కాని మార్జాల చరిత్ర అంతయు ఆ మాటనే బలపరచుచున్నది.

మన భాషలో పిల్లికి పేర్లు తక్కువ లేవు. మార్జాలమనియు బిడాలమనియు సంస్కృతమునుండి తెచ్చుకొంటిమి. మగది గండుపిల్లి, అడవిలోనిది అడవిపిల్లి, కోరంగి మడ అడవులలో చేపలు పట్టి బ్రతుకునది బావురుపిల్లి. తిరుమల శ్రీనివాసుని సేవకు పునుగు తైలము నిచ్చు పునుగుపిల్లి పేరునకు మాత్రమే పిల్లి. జాతిచేత అది పిల్లి కాదు. ఇన్ని పేర్లున్నను ఒక జంతువునకు మాత్రము మనము వేరుగా పేరు పెట్టలేదు. ఇండ్లలో పెరిగిన వంశమునకు చెందియు, మనుష్యుని చేతి స్పర్శ నెరుగక, పాడుబడిన గిడ్డంగులలో, ఓడరేవులలో, పొలములలో, దూరపు దీవులలో తన బ్రతుకు తాను బ్రతుకు పిల్లి అది. దానిని వీథిపిల్లి యనియో అడవిపిల్లి యనియో అని ఊరకుందుము. ఆ రెండు పేర్లును దానికి చెల్లవు. ఈ ప్రసంగములో దానిని ‘మచ్చిక తప్పిన పిల్లి’ అని వ్యవహరింతము.

ఈ భేదము తెలియుటకు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. మొదటిది వంశమునకు సంబంధించినది: ఈ పిల్లి పూర్వులు మనుష్యుల నడుమ తరతరములుగా బ్రతికినవా, లేదా? రెండవది ఆ ఒక్క ప్రాణికి సంబంధించినది: ఇది మనుష్యుని నమ్మునా, నమ్మదా? వంశము పెంపుడుదై, మనుష్యుని నమ్మి, ఒక యింటి అండగల పిల్లి మనమందరము ఎరిగిన ఇంటిపిల్లి. అదియే దారి తప్పినను, ఇల్లుగలవారు ఊరు మారునప్పుడు వదలిపోయినను దిక్కులేని పిల్లి యగును. దానికి ఇల్లు పోయినదే గాని మనుష్యునిపై నమ్మకము ఇంకను పోలేదు. అడవిపిల్లి వంశమే వేరు. దాని కూనను తెచ్చి పాలు పోసి పెంచినచో ఆ ఒక్కటి కొంత మచ్చిక కావచ్చును గాని, దాని వంశము పెంపుడుది కాజాలదు. ఇక మచ్చిక తప్పినది దీనికి సరిగా ఎదురైనది. వంశము పెంపుడుది, ప్రాణి మాత్రము మచ్చిక లేనిది. ‘పెంపుడు’ అనునది వంశమునకు తగిన మాట. ‘మచ్చిక’ అనునది ఒక్కొక్క ప్రాణికి తగిన మాట. ఈ రెండింటిని కలగలుపుటచేతనే పిల్లుల విషయమున మనము చేయు తప్పులలో చాల భాగము పుట్టుచున్నది.

మచ్చిక ముందో, పెంపకము ముందో తెలియవలెనన్న మధ్యధరా సముద్రములోని సైప్రస్ ద్వీపమునకు పోవలెను. అక్కడ షిలురోకాంబోస్ అను చోట ఫ్రెంచి పురావస్తు పరిశోధకులు త్రవ్వకములు జరిపి, సుమారు 9,500 సంవత్సరముల నాటి ఒక సమాధిని కనుగొనిరి. ఆ సంగతి 2004లో లోకమునకు వెల్లడియయ్యెను. సమాధిలో ఒక మనుష్యుడు. అతనికి 40 సెంటీమీటర్ల దూరమున, తన చిన్న గుంటలో, సుమారు ఎనిమిది నెలల వయస్సుగల పిల్లి. ఆ ద్వీపమునకు పిల్లులు సహజముగా లేవు. కనుక ఎవరో దాని పూర్వులను పడవలో ఎక్కించుకొని సముద్రము దాటించి తెచ్చిరన్నమాట. దాని యెముకలు అడవిపిల్లి యెముకల వంటివే. మనిషి ప్రక్కన స్థానము దొరకునంతగా అది అతనికి దగ్గరయైనది. వంశము మాత్రము ఇంకను అడవిదే. మచ్చికయే ముందు పుట్టినది. పెంపుడు వంశము తరువాత వచ్చినది.

2007లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, ప్రపంచము నలుమూలలనుండి సేకరించిన 979 ఇంటిపిల్లుల, అడవిపిల్లుల జన్యువులను పోల్చి చూచిరి. లోకములోని ఇంటిపిల్లులన్నియు పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ప్రాంతములలో తిరుగు అడవిపిల్లి జాతికి చెందిన సంతతియని తేలినది. దానిని ఎవరును పిలిచినట్లు కానరాదు. మనుష్యుడు సేద్యము నేర్చి గాదెలు నింపెను. గాదెను వెదకుకొని ఎలుక వచ్చెను. ఎలుకను వెదకుకొని పిల్లి వచ్చెను. కాపురములో పాలుపంచుకొనుటకు గాక, పని చూచుకొనుటకు వచ్చిన చుట్టమది. మనమును ఆ చుట్టమును పూర్తిగా నమ్మలేదు. పాలు, వెన్న ఉట్టి మీద కట్టుకొన్న ఇల్లే అందులకు సాక్షి.

ప్రాచీన ఈజిప్టువారు దానిని దేవతాస్థానమునకు ఎక్కించిరి. బుబాస్టిస్ నగరములో బాస్టెట్ దేవికి ఆలయము వెలసెను. భక్తులు లెక్కలేనన్ని పిల్లుల కళేబరములను సుగంధద్రవ్యములతో భద్రపరచి గుడ్డలు చుట్టి దేవికి సమర్పించిరి. కాలము మారెను. బెనీ హసన్ వద్ద 1888లో త్రవ్వి తీసిన అట్టి కళేబరములను, సుమారు 1,80,000 ఉండునని అంచనా వేసినవానిని, ఓడలకెత్తి ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవునకు చేర్చి, 1890లో పొలములకు ఎరువుగా వేలము వేసిరి. ఒకనాడు దేవికి ముడుపు. మరొకనాడు మడికి ఎరువు. మనుష్యుడు పిల్లిని చూచు చూపు ఎంత త్వరగా మారునో చెప్పుటకు ఇంతకంటె వేరు దృష్టాంతము వలదు.

ఇన్నివేల యేండ్ల సహవాసము పిల్లిని మార్చినది స్వల్పమే. పూర్వపు అడవిపిల్లి కంటె దాని మెదడు కొంత చిన్నదైనది, రంగులు పెరిగినవి, మనుష్యుని సన్నిధిని ఓర్చుకొను గుణము వచ్చినది. కాని చెవి, కన్ను, గోరు, కోర, పొంచియుండు ఓర్పు, ఎగిరి పట్టు నేర్పు ఏ మాత్రము తగ్గలేదు. ఒక వెసులుబాటు దీనికి కలదు: మనము లేకున్నను ఇది బ్రతుకగలదు. అయినచో ఒక కూన మనదగుటకు, కాకపోవుటకు కారణమేమి? పుట్టిన రెండవ వారము మొదలు ఏడవ వారము వరకు గల కొలది దినములే యని పరిశోధకులు చెప్పుదురు. ఆ దినములలో మనుష్యుల చేతులు సోకి, మాటలు విని పెరిగిన కూన జీవితాంతము మనుష్యుని నమ్మును. ఆ గడువు మనుష్యస్పర్శ లేక దాటిపోయెనా, తరువాత ఎంత బుజ్జగించినను లొంగుట కష్టము. మన వైష్ణవాచార్యులు భగవంతుని రక్షణకు మార్జాలకిశోర న్యాయమును ఉదాహరింతురు. కూన తాను చేయునది ఏమియు లేదు, తల్లియే నోట కరచుకొని కాపాడును. మచ్చిక విషయమునను కూన చేయునది ఏమియు లేదు. తల్లి మోసికొనిపోయిన యిండ్లలో ఒక చేయి చాచినవారు ఉండిరా లేదా యనునదే ప్రశ్న.

చేయి చాచువారు లేనిచోట ఏమగునో మారియన్ ద్వీపము చెప్పును. అది హిందూమహాసముద్రపు దక్షిణాంచలమున, కేప్‌టౌన్ నగరమునకు 2,000 కిలోమీటర్లకు పైబడిన దూరమున, గాలివానలు విడువక కొట్టు చోట నున్నది. 19వ శతాబ్దములో సీలు జంతువులను వేటాడవచ్చిన ఓడలతోపాటు చిట్టెలుకలు అక్కడ దిగినవి. దక్షిణాఫ్రికావారు ఆ ద్వీపమును స్వాధీనపరచుకొని వాతావరణ కేంద్రము నెలకొల్పిరి. కేంద్రములో ఎలుకల బాధ తీరుటకు 1949లో ఐదు పిల్లులను తెచ్చిరి. అవి మన యిండ్లలోని వంటి పిల్లులే. వాని కూనలు కేంద్రము దాటి బండల సందులలో పుట్టినవి. ఆ కూనలను ముట్టినవారు లేరు. ఒక్క తరములోనే మచ్చిక తప్పినది.

1977 నాటికి వాని సంఖ్య సుమారు 3,400 అయ్యెను. ఎలుకలకంటె సులభమైన ఆహారము వానికి దొరకినది. బొరియలలో గ్రుడ్లు పెట్టు పెట్రెల్ జాతి సముద్రపక్షులకు నాలుగు కాళ్ల శత్రువు ఎట్లుండునో తెలియదు. ఏటేట నాలుగున్నర లక్షల పక్షులు పిల్లులకు ఆహుతియగుచుండెనని అంచనా. ఒక జాతి పెట్రెల్ ఆ ద్వీపమున బొత్తిగా కనుమరుగయ్యెను. అప్పుడు అధికారులు మేల్కొని, 1977లో పిల్లులకు ప్రాణాంతకమైన ఒక వైరస్ వ్యాధిని ద్వీపములో ప్రవేశపెట్టిరి. ఐదేండ్లలో సంఖ్య 600 ప్రాంతమునకు తగ్గెను. మిగిలినవి వ్యాధికి తట్టుకొన్నవి. 1986 మొదలు రాత్రివేళ దీపములతో, తుపాకులతో వేటాడిరి. పిదప బోనులు పెట్టిరి. 1991తో ద్వీపమున పిల్లి యనునది లేకపోయెను. ఐదు పిల్లులను తెచ్చుటకు ఒక్క ఓడ చాలినది. ఆ పొరపాటును దిద్దుటకు పదునాలుగేండ్లు పట్టినది.

కథ అంతటితో ముగియలేదు. పిల్లులు పోయినవి, చిట్టెలుకలు మిగిలినవి. 2003 నుండి ఆ యెలుకలు ఆల్బట్రాస్ అను మహాపక్షుల పిల్లలను బ్రతికియుండగనే కొరికి చంపుట కంటబడుచున్నది. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటమని మన సామెత. మారియన్‌లో చెలగాటము మనుష్యునిది. ప్రాణసంకటము పిల్లికి, పక్షికి కూడ.

అదే 1991 ఆగస్టులో ఇటలీ దేశము ఒక శాసనము చేసినది. స్వేచ్ఛగా బ్రతుకు పిల్లులను హింసింపరాదు. వానికి సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించి తిరిగి వాని గుంపులోనే విడువవలెనని అందులోని నియమము. రోమునగరము నడిబొడ్డున, లార్గో అర్జెంటీనాలోని శిథిలాలయముల నడుమ పిల్లుల గుంపులు పేరుపొందినవే. ఒకే యేట, ఒకే వంశపు జంతువునకు, ఒకచోట తుపాకి, మరొకచోట రక్షణ! ఈ రెండు తీర్పులలో ఒకటి దయ, ఒకటి క్రౌర్యము అనుటకు మేము సాహసింపము. వేలయేండ్లుగా పిల్లికి అలవాటుపడిన నగరము వేరు. నేలపై తిరుగు వేటజంతువు నెన్నడు నెరుగని పక్షుల దీవి వేరు. కాని ఒక్క సంగతి రెండుచోట్లను సమానము. అక్కడ ఆ పిల్లి యుండుటకు మూలకారణము మనుష్యుడే.

మన పెరటిలోనికి వచ్చిన కొత్తపిల్లి ఏ తరగతిదో గుర్తించుట అంత కష్టము కాదు. దిక్కులేనిది దూరమున నిలిచి ‘మ్యావు’మని పిలుచును, తోక నిలిపి దగ్గరకు వచ్చును. ఎదిగిన పిల్లులు తమలో తాము ఆ యరపు అరచుట అరుదు. అది మనుష్యునితో మాటలాడుటకు వచ్చిన పలుకు. మచ్చిక తప్పినది పిలువదు. నేలకు అణగి, చీకటి పడినపిదప వచ్చి, మనము పోయినగాని తినదు. మొదటిదానికి కావలసినది ఇల్లు. రెండవదానిని పట్టి గదిలో మూసి ప్రేమ చూపుట దానికి శిక్షయే. దానికి మనము చేయదగిన ఉపకారము సంతాన నిరోధము మాత్రమే. అనేక దేశములలో అట్లు చికిత్స చేసిన పిల్లికి గుర్తుగా చెవి కొనను కొద్దిగా కత్తిరించి విడచుచున్నారు. దాని కూనలు మాత్రము ఆ తొలి వారములలోనే చేజిక్కినచో, తల్లికి దక్కని మచ్చిక వానికి దక్కును.

చివరకు మన యింటి మాట. ఇంటిపిల్లి అటక మీద నాలుగైదు కూనలు పెట్టినప్పుడు, వానిని గోనెసంచిలో వేసి ఊరి వెలుపల వదలి రమ్మని పాలేరుకో, పిల్లవానికో చెప్పుట మన ఇండ్లలో ఉన్న వాడుకయే. మా చిన్ననాట మాచేతను ఆ సంచి మోయించిరి. చంపలేదు గదా, విడచితిమి గదాయని మనస్సునకు సమాధానము చెప్పుకొంటిమి. వానిలో బ్రతికినది ఏదో, చచ్చినది ఏదో మేము తిరిగి చూడలేదు. బ్రతికినదాని కూనలకు చేయి చాచినవారు ఉండియుండరు. అది పట్టిన తొండకు, పిచ్చుకకు, పిట్టపిల్లకు లెక్క వ్రాసినవారును లేరు. మారియన్ ద్వీపమునకు ఐదు పిల్లులను మోసికొనిపోయిన ఓడకు, మా భుజము మీది గోనెసంచికి పరిమాణములోనే గాని గుణములో భేదము లేదని ఇన్నాళ్లకు తెలిసినది.

తల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పుచున్నదనగా ఏడు గడపలకు ఒక్కొక్క అవకాశమిచ్చుచున్నదన్నమాట. ఈసారి అది మన గాదె క్రిందికి వచ్చినప్పుడు సంచి వెదకుటకు ముందు ఒకమారు చేయి చాచుదము. తల్లికి చికిత్స చేయించు దారిని విచారింతము. అడవిపిల్లిని సృష్టించినది అడవి. మచ్చిక తప్పిన పిల్లిని సృష్టించుచున్నది మన గడపయే.