పండక్కి ఎప్పుడొస్తున్నారు?

డిసెంబరు మొదలయ్యిందంటే చాలు, ఇండియా నుంచి వచ్చే ప్రతి ఫోనులోనూ ఒకటే ప్రశ్న: "పండక్కి ఎప్పుడొస్తున్నారు?" గోదావరి జిల్లాలవాళ్ళకి పండగ అంటే సంక్రాంతే. ఏ పండగ అని ఎవరూ అడగరు. అమెరికా వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా ఆ ప్రశ్న వినగానే నాకు రెండు రకాలుగా ఉంటుంది. ఒక పక్క అరిసెల పాకం వాసన, భోగిమంట వేడి, అరుగు మీద వరసగా పడుకున్న పిల్లలు గుర్తొస్తారు. మరో పక్క, "అమ్మయ్య, ఈ ఏడు కూడా సెలవు దొరకదు" అనే చిన్న ఊరట. ఈ రెండో మాట బయటికి చెప్పుకోవడానికి మనలో చాలామందికి మొహమాటం. ఆ మొహమాటం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకుందామని, వృత్తికి సాఫ్ట్‌వేర్ ఇంజనీరునే అయినా, కొంచెం చరిత్ర తిరగేశాను.

సెలవుల లెక్క

ముందు సెలవు సంగతి చూద్దాం. సూర్యుడు మకరరాశిలో ప్రవేశించే రోజు సంక్రాంతి. నిజమైన ఉత్తరాయణం మాత్రం డిసెంబరు 21, 22 తేదీల్లోనే మొదలవుతుంది. సుమారు 1700 ఏళ్ళ క్రితం ఈ రెండూ ఒకే రోజున పడేవి. మన పంచాంగం నక్షత్రాలని బట్టి ఏడాదిని లెక్కిస్తుంది. ఆ ఏడాది ఋతువుల ఏడాది కంటే సుమారు 20 నిమిషాలు పొడుగు. 20 నిమిషాలేగా అనుకుంటాం కానీ, అవి పోగుపడి సుమారు 72 ఏళ్ళకి ఒక రోజు అవుతాయి. వివేకానందుడు 1863లో మకర సంక్రాంతి నాడు పుట్టాడు, తేదీ జనవరి 12. 2024లో మనం సంక్రాంతి చేసుకున్నది జనవరి 15న. ప్రోగ్రాములో ఇలాంటి చిన్న తప్పు దొర్లితే టెస్టింగులో దొరికేది. ఇది పదిహేడు వందల ఏళ్ళుగా నడుస్తోంది!

దీనివల్ల మనకొచ్చిన చిక్కేమిటంటే, పిల్లల బళ్ళకి సెలవులు డిసెంబరు చివర్లో. జనవరి మొదటి వారానికల్లా తిరుగు విమానం ఎక్కాలి. ఊళ్ళో ముగ్గులు పెద్దవయ్యే వేళకి మనం ఆఫీసులో ఉంటాం. పండగ అప్పటి చోటే ఉండిపోయి ఉంటే అమెరికా తెలుగువాళ్ళందరూ హాయిగా పండక్కి ఇంట్లో ఉండేవాళ్ళు.

కలుసుకోవాలంటే ముందు విడిపోవాలి

సంక్రాంతి పాత పండగే. ద్రాక్షారామం గుళ్ళో శాసనాలు చూస్తే ఉత్తరాయణ సంక్రాంతి నాడు అఖండ దీపాలకి దానాలిచ్చినట్టు కనిపిస్తుంది. అయితే అది దానాల రోజు, పుణ్యకాలం. "అందరూ ఇంటికి చేరే పండగ" అనే రూపం ఇంకా తరవాతిది. ఆలోచిస్తే కారణం తేలికే. అందరూ ఒకే ఊళ్ళో ఉన్నప్పుడు ఎవరు ఎక్కడికి రావాలి? అత్తవారింటికి వెళ్ళిన ఆడపిల్ల తప్ప.

గోదావరి డెల్టాలో ఈ మార్పు నీళ్ళతో మొదలైంది. 1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. ఆ తరవాత కాటన్ దొర చేతుల మీదుగా 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. 1855కి బెజవాడలో కృష్ణా ఆనకట్ట కూడా వచ్చింది. కాలవల కింద వరి పండింది. సార్వా పంట నూర్చి ఇంటికి చేరేది సరిగ్గా సంక్రాంతి ముందు. గాదె నిండినప్పుడే పదిమందికి పెట్టగలిగేది. హరిదాసుకీ గంగిరెద్దులవాడికీ గింజలు దక్కేదీ, చాకలికీ మంగలికీ కుమ్మరికీ మేరలు కొలిచేదీ, కౌలు లెక్కలు తేలేదీ పంట చేతికొచ్చిన ఆ రోజుల్లోనే. అంటే మన పండగలో మొదటినుంచీ ముగ్గు పక్కనే లెక్క కూడా ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

మిగిలిన డబ్బుతో పిల్లలు రాజమండ్రికీ, కాకినాడకీ, మద్రాసుకీ చదువులకి వెళ్ళారు. లేనివాళ్ళు కోరంగి, కాకినాడ రేవుల నుంచి రంగూన్‌కి కూలికి వెళ్ళారు. బర్మాలో మనవాళ్ళని కోరంగీలనే పిలిచేవారు. 1900లో గోదావరి మీద హేవలాక్ రైలు వంతెన తెరిచాక వెళ్ళడమూ తేలికైంది, రావడమూ తేలికైంది. 1958 జనవరిలో ఆర్టీసీ ఏర్పడ్డాక ఎర్ర బస్సు ఊళ్ళ దాకా వచ్చింది. ఊరు వదిలినవాళ్ళు పెరిగిన కొద్దీ ఊరికి వచ్చే పండగ పెద్దదైంది. తెలంగాణలో ఇదే చోటు బతుకమ్మకీ దసరాకీ దక్కింది. ఆడపిల్ల పుట్టింటికి రావడమే అక్కడ పండగకి ప్రాణం.

అమెరికాలో థాంక్స్‌గివింగ్ కథ కూడా దీనికి దగ్గరే. 1621 నాటి ప్లిమత్ విందు గురించి పిల్లలకి బళ్ళో చెబుతారు. దాన్ని జాతీయ పండగ చెయ్యమని సారా జోసెఫా హేల్ అనే సంపాదకురాలు ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసింది. చివరికి 1863లో, అంతర్యుద్ధం మధ్యలో, లింకన్ ప్రకటించాడు. న్యూ ఇంగ్లండ్ పల్లెల నుంచి కుర్రాళ్ళు మిల్లులకీ పడమటి రాష్ట్రాలకీ వెళ్ళిపోతున్న ఆ శతాబ్దంలోనే "ఇంటికి రండి" అన్న పిలుపుకి బలం వచ్చింది. 1939లో రూజ్‌వెల్ట్ ఆ పండగని ఒక వారం ముందుకి జరిపితే దేశం రెండుగా చీలి పోట్లాడుకుంది. 1941లో కాంగ్రెస్ చట్టం చేసి నవంబరు నాలుగో గురువారమని తేల్చింది. ఆ పండగ మీద కూడా అందరికీ ఒకే మనసు లేదు. 1970 నుంచి కొందరు ఆదివాసులు అదే రోజున ప్లిమత్‌లో సంతాప దినం జరుపుతున్నారు. ఒకే భోజనం బల్ల, రెండు జ్ఞాపకాలు.

మా ఇంట్లో 1999 సంక్రాంతి

ఇప్పుడు మా ఇంటి సంగతి. తాతయ్యకి నలుగురు పిల్లలు: నాన్న, బాబాయి, ఇద్దరు అత్తయ్యలు. పండక్కి ఇంట్లో ఇరవై ఎనిమిది మంది. మగవాళ్ళ పంక్తి, పిల్లల పంక్తి అయ్యాక ఆడవాళ్ళు తినేసరికి సాయంత్రం నాలుగయ్యేది. అల్లుళ్ళ అలకలు తీర్చడానికి నాన్నమ్మ, పేకాటలో పోయిన డబ్బు సర్దడానికి బాబాయి, పొయ్యి దగ్గర అమ్మ. ఆ నాలుగు రోజుల్లో అమ్మ కొత్తచీర కట్టుకుని అరుగు మీద కూర్చున్నట్టు నాకు గుర్తు లేదు. "పండగ ఎంత బాగుండేదో" అని నేనంటే అమ్మ ఇప్పటికీ నవ్వి ఊరుకుంటుంది. ఆ నవ్వుకి అర్థం నా భార్య విడమరిచి చెప్పేదాకా నాకు తెలియలేదు.

తాతయ్య 1997లో పోయారు. 1999 సంక్రాంతికి నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ముక్కనుమ మర్నాడు ఇంటికి దస్తావేజుల రాయసగాడు స్టాంపు కాగితాలు తెచ్చాడు. అత్తయ్యలిద్దరూ పొలంలో తమకేమీ హక్కు లేదని రాసిచ్చే విడుదల పత్రం. "అందరూ ఒకచోట ఉన్నారు కదా, పనైపోతుంది" అన్నారు నాన్న. చదువుకున్నవాణ్ణి కదా అని నన్ను చదివి వినిపించమన్నారు. చదివాను. పెద్దత్తయ్య తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని వచ్చి, "ఎక్కడ పెట్టాలో చూపించరా అబ్బాయ్" అంది. వేలు పెట్టి చూపించాను. పసుపుకుంకుమ కింద ఇద్దరికీ చెరో పట్టుచీర, కొంత డబ్బు ఇచ్చారు. మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ జరిగే తంతే ఇది. ఎవరూ అరవలేదు, ఎవరూ ఏడవలేదు. మర్నాడు అందరూ కలిసి రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళొచ్చారు.

ఆ కాగితం వెనక ఎంత చరిత్ర ఉందో నాకు అప్పుడు తెలియదు. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి వాటాలో కూతురికి భాగం ఇచ్చింది కానీ ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు కొడుకులకే ఉంచింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం చేసిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో కూతుళ్ళకి కూడా ఆ హక్కు వచ్చింది. దేశంలో ముందుగా చేసినవాళ్ళం మనమే. అయితే అందులో ఒక మెలిక ఉంది: ఆ తేదీకి ముందే పెళ్ళైనవాళ్ళకి వర్తించదు. మా పెద్దత్తయ్య పెళ్ళి 1978లో, చిన్నత్తయ్య పెళ్ళి 1988లో. ఒకే తల్లి బిడ్డలు, ఒకరికి కొడుకులతో సమానంగా వాటా, ఇంకొకరికి తండ్రి భాగంలో ముక్క మాత్రమే. మా ఇంట్లో మాత్రం ఇద్దరికీ సమానంగానే జరిగింది: ఇద్దరికీ చీరే. 2005లో కేంద్రం చట్టాన్ని సవరించి పెళ్ళి తేదీ మెలిక తీసేసింది. 2020లో సుప్రీంకోర్టు అది పుట్టుకతో వచ్చే హక్కేనని, తండ్రి 2005 నాటికి బతికి ఉండనక్కర్లేదని తేల్చింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలని కొత్త చట్టం కదపదు. మాది 1999.

ఆ తరవాత చిన్నత్తయ్య పండక్కి వస్తూనే ఉంది. పెద్దత్తయ్య రాలేదు. ఒక ఏడు మోకాళ్ళ నెప్పులు, ఒక ఏడు మనవడి పరీక్షలు. నేను 2003లో హెచ్-1బి మీద ఇక్కడికొచ్చాను. మొదటి ఏళ్ళలో స్టాంపింగు భయంతో కదలలేదు, తరవాత గ్రీన్‌కార్డు క్యూ. నాకూ కారణాలు దొరికాయి.

2024 సంక్రాంతికి ఎలాగో సెలవు కుదుర్చుకుని వెళ్ళాను. కనుమ నాడు పెద్దత్తయ్య ఇంటికి వెళ్ళి, "పండక్కి ఎందుకు రావడం మానేశావత్తయ్యా?" అని అడిగాను. అరిసెల డబ్బా మూత తీస్తూ అంది: "రాకూడదని కాదురా. పండక్కి పిలిచారో, సంతకానికి పిలిచారో తెలియలేదు. అక్కడే ఆగిపోయాను." ఆ కాగితం మీద వేలు పెట్టి చూపించింది నేనేనని ఆవిడ అనలేదు. నేనూ అనలేదు. రెండు అరిసెలు తిని వచ్చేశాను.

మళ్ళీ లెక్కల దగ్గరికి

పండగలో లెక్క కూడా ఉందన్నాను కదా. పంట లెక్క తేలితేనే పండగ జరిగేది, నిజమే. కానీ ఎవరి గాదె నింపడానికి ఎవరు అన్నం ఆలస్యంగా తిన్నారో, ఎవరు సంతకం పెట్టారో కూడా ఆ లెక్కలోదే. మన జ్ఞాపకాల్లో ముగ్గు మిగిలింది, లెక్క మాసిపోయింది. అందుకే పిలుపు వినగానే సంతోషమూ బెరుకూ కలిసి వస్తాయి. ఆ బెరుకుంటే సంస్కృతి మీద ప్రేమ లేదని కాదు. లెక్క ఇంకా తేలలేదని.

మా ఇంటికి సంబంధించినంత వరకు కొంత పని చేశాను. నాన్నతో చాలా మాట్లాడాల్సి వచ్చింది. ఆయనకి కోపం వచ్చింది, రెండు నెలలు ఫోను ముభావంగా సాగింది. చివరికి ఒప్పుకున్నారు. మా చెల్లికి నాతో సమానంగా వాటా, పెద్దత్తయ్య పేర ఊళ్ళో ఇంటి పక్క జాగా. చిన్నత్తయ్య "ముందు అక్కకి ఇవ్వండి" అంది. ఆ కాగితాల పనికి నేను ఆగస్టులో వెళ్ళాను, కావాలనే. పండక్కి పండగ పని తప్ప ఇంకేదీ ఉండకూడదని.

ఈ మహాసభలకి మనం వందల మైళ్ళు ప్రయాణం చేసి వస్తాం. 1977లో న్యూయార్కులో మొదటి తెలుగు మహాసభ జరిగినప్పటినుంచీ ఇది కూడా మనకొక పెద్ద పండగే. ఇక్కడ కలిసినవాళ్ళతో ఊరి కబుర్లు చెప్పుకునేటప్పుడు అరిసెలతో పాటు అరుగు మీద ఎన్నడూ కూర్చోనివాళ్ళ గురించి కూడా ఒక మాట అనుకుందాం. మొన్న డిసెంబరులో పెద్దత్తయ్యే ఫోను చేసింది. "ఏరా, పండక్కి ఎప్పుడొస్తున్నావు? నేను వెళ్తున్నాను" అంది.