నీట మునిగిన లోయ, కొండ నెక్కిన చరిత్ర

నాగార్జునకొండ నేడు నాలుగు వైపుల నీరుగల ద్వీపము. కృష్ణా జలాశయము మీదుగా లాంచిలో పోయినగాని అక్కడి మ్యూజియమును చేరలేము. యాత్రికుల చూపు సాధారణముగా కొండపైననే నిలుచును. పడవ క్రింది నీటిని గూర్చియు ఒక్క క్షణము తలచుకొనవలసినదిగా శ్రోతలను మేము కోరుచున్నాము. ఆ నీటి అడుగున ఒక రాజధాని కలదు.

దాని పేరు విజయపురి. శాతవాహనుల అనంతరము, క్రీ. శ. 3వ శతాబ్దమున, ఇక్ష్వాకు రాజులు ఈ పల్నాటి లోయ నుండి రాజ్యమేలిరి. వారిలో మొదటివాడైన శాంతమూలుడు అశ్వమేధము చేసిన వైదిక ధర్మావలంబి. ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధుల మహాచైత్యమునకు శిలాస్తంభములు ఎత్తించినది. ఒకే రాజకుటుంబమున యజ్ఞమునకును చైత్యమునకును చోటు దొరకినది.

రాచకుటుంబము వారే గాక సామాన్య గృహస్థులును ఈ లోయలో తమ పేర్లు నిలుపుకొనిరి. బోధిశ్రీ అను ఉపాసిక సింహళ దేశపు భిక్షువుల కొరకు చైత్యగృహము కట్టించి ప్రాకృత భాషలో శాసనము వ్రాయించినది. అందు కాశ్మీర, గాంధార, చీన, యవన, వంగ, ద్రమిళాది దేశముల ప్రసక్తి కలదు. కృష్ణ ఒడ్డున నివసించిన ఒక ఇల్లాలి దృష్టి ఎంత దూరము ప్రసరించినదో ఆ శాసనమే చెప్పుచున్నది.

తరువాతి కాలమున లోయ అడవిపాలైనది. 1926లో ప్రభుత్వ శాసన శాఖకు చెందిన ఎ. రంగస్వామి సరస్వతి గారు ఈ శిథిలములను గుర్తించిరి. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ దొర త్రవ్వకములు జరిపించెను. 106 అడుగుల వ్యాసముగల మహాచైత్యము పునాది బండిచక్రమువలె ఇటుక ఆకులతో బయటపడినది. అందలి చిన్న బంగారు భరిణలో ఒక అస్థిఖండము లభించినది. ఆ ధాతువు పిమ్మట సారనాథమునకు చేరినది.

ఇంతలో ఈ లోయ వద్దనే కృష్ణకు ఆనకట్ట కట్టుటకు నిర్ణయము జరిగినది. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసిరి. పంటభూములకు నీరు కావలెను; పూర్వుల నగరమును కావలెను. రెండును దక్కు మార్గము లేదు. లోయ మునుగుట తప్పదని తేలిన పిమ్మట, మునుగుటకు ముందే దానిని చదువవలెనను దీక్ష మొదలైనది. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి నాయకత్వమున పురావస్తు శాఖవారు నూటికి పైగా స్థలములను త్రవ్వి, కొలతలు తీసి, పటములు వ్రాసిరి. తొమ్మిది ముఖ్యమైన కట్టడములను విప్పి కొండపై తిరిగి నిలిపిరి. పదునాలుగింటికి చిన్న నమూనాలు కట్టిరి. మరి కొన్నింటిని తీరమున అనుపు వద్ద పునర్నిర్మించిరి. 1966లో మ్యూజియము ఏర్పడినది. 1967లో కాలువలకు నీరు వదలిరి.

ఈ శ్రమ విలువ తెలియవలెనన్న అమరావతిని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. అక్కడి స్తూపపు గుట్టను 18వ శతాబ్దాంతమున కట్టడపు సామగ్రి కొరకు త్రవ్విరి. మిగిలిన శిల్పములలో అనేకము మద్రాసుకును లండనుకును తరలిపోయినవి. ఏ ఫలకము ఎచ్చట నుండెనో తెలిసికొనుటకు పండితులు నేటికిని శ్రమించుచున్నారు. అమరావతిలో స్థలము మిగిలినది, శిల్పములు చెదరినవి. నాగార్జునకొండలో స్థలము పోయినది, కాని ఏ రాయి ఎచ్చటిదో వ్రాతలో మిగిలినది. రాతికి చోటు తెలిసినప్పుడే అది చరిత్రకు సాక్ష్యమగును. లేనిచో అందమైన రాయిగా మాత్రమే నిలుచును.

అట్లని అంతయు దక్కినదని చెప్పరాదు. లోయలోని పల్లెల వారు తమ ఇండ్లు, పొలములు విడిచి వెడలిపోయిరి. కొండపైకి చేరినవానిలో చైత్యములు, విహారములు, స్నానఘట్టము కలవు. ఆ పల్లె ఇండ్లు లేవు. ఏది దాచవలెనో, ఏది విడువవలెనో నిర్ణయించుట కూడ చరిత్రలో భాగమే. మ్యూజియములో ప్రవేశించువారు ఈ సంగతిని మరువరాదు.

అందుచేత శ్రోతలకు మా మనవి ఒకటి. ఆ మ్యూజియమునకు పోయినప్పుడు నిలువెత్తు బుద్ధ విగ్రహమును, పాలరాతివలె మెరయు శిల్పములను చూచి తృప్తిపడి తిరిగి రావలదు. మునిగిన లోయ నమూనా వద్ద కొంతసేపు నిలిచి, చైత్యము ఎచ్చట, కోట ఎచ్చట, నది ఎచ్చట నుండెనో పిల్లలకు వ్రేలితో చూపుడు. సాగరు కాలువల క్రింద పండిన బియ్యము మన ఇండ్లలో ఉడుకుచున్నది. ఆ అన్నమునకై ఒక నగరము నీటికి చోటిచ్చినదని పిల్లలకు తెలియవలెను. ఆ నగరపు కథను కాపాడుటకు ఆరేండ్లు పాటుపడినవారు కలరనియు తెలియవలెను.