ప్రశ్నకో పేరు, జవాబుకో పేరు: అచ్చుకూర్పు మాక్రోల పుట్టుపూర్వోత్తరాలు

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల జావా, ఒరాకిల్, టెస్టింగ్ ఏ కోర్సుకైనా ఇంటర్వ్యూ ప్రశ్నలు–జవాబుల మెటీరియల్ దొరుకుతుంది, జిరాక్స్ తీసి స్పైరల్ బైండింగ్ చేసి మరీ ఇస్తారు. అది చదివి హైటెక్ సిటీలో ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళు అక్కడికెళ్ళాక కూడా ప్రశ్నోత్తరాలే రాస్తుంటారు. కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒకటి, కస్టమర్లు పదే పదే అడిగే సందేహాల కోసం ఒకటి, అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఏం చెయ్యాలో చెప్పడానికి ఇంకొకటి. 1998 నవంబరు 22న అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచి ఈ సైబరాబాద్ దారిలో ఎన్ని టెక్నాలజీలు వచ్చి పోయినా, ప్రశ్న–జవాబు అచ్చు మాత్రం పోలేదు.

ఆ పత్రాలన్నిటికీ ఒకే జబ్బు. 40వ ప్రశ్న దగ్గర కొత్తగా ఒకటి చేరిస్తే ఆ కింది నంబర్లన్నీ జరగాలి. ‘52వ ప్రశ్న చూడండి’ అని ఎక్కడో రాసి ఉంటుంది, అదిప్పుడు 53. ఒకరు ప్రశ్నను బోల్డ్‌లో పెడతారు, ఇంకొకరు నీలిరంగులో. పరీక్షకు జవాబులు లేని కాపీ కావాలంటే కూర్చుని ఒక్కొక్కటీ చెరపాలి. ఈ జబ్బుకు మందు అరవై ఏళ్ళకు పైగా ఉంది. దాని పేరు మాక్రో.

బళ్ళో ఛందస్సు చదువుకున్నవాళ్ళకు మాక్రో కొత్తదేమీ కాదు. ఉత్పలమాల గణాలు భ, ర, న, భ, భ, ర, వ. ఆ ఏడక్షరాలూ విప్పితే పాదానికి ఇరవై గురులఘువులు వస్తాయి. ‘భ’ అంటే ఒక గురువు, రెండు లఘువులని మొదట్లో ఒక్కసారి చెప్పుకుంటే చాలు, ఆ తర్వాత ‘భ’ అంటే సరిపోతుంది. మాక్రో చేసేదీ అంతే. పొడుగు ఆదేశాల వరసకు ఒక పొట్టి పేరు పెడతాం, ఆ పేరు కనబడ్డ చోటల్లా కంప్యూటరు దాన్ని విప్పుకుంటుంది.

అసెంబ్లీ భాష నుంచి అచ్చుపనికి

మాక్రోలు మొదట పుట్టింది అచ్చు కోసం కాదు. 1950లలో అసెంబ్లీ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఒకే ఆదేశాల వరసను పదే పదే రాయలేక దానికి పేరు పెట్టుకోవడం మొదలెట్టారు. 1960లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్, ఇలాంటి పేర్లతో ఏ ప్రోగ్రామింగ్ భాషనైనా పెంచుకోవచ్చని ఒక పరిశోధన పత్రంలో చూపించాడు. 1965లో క్రిస్టఫర్ స్ట్రేచీ ఏ భాషకూ కట్టుబడని మాక్రో యంత్రాంగం ఒకటి తయారుచేశాడు. పేరును విప్పితే వచ్చేది ఇంకో పేరు కావచ్చు, దాన్నీ విప్పవచ్చు. ఈ ఒక్క సూత్రం మీద ఎంత పెద్ద పనైనా నడపవచ్చని అప్పటికి తేలిపోయింది.

అచ్చుపని వైపు నుంచి ఇంకో పాయ వచ్చి కలిసింది. 1964లో ఎంఐటీలో జెరోమ్ సాల్ట్‌జర్ ‘రనాఫ్’ అనే ప్రోగ్రాము రాశాడు. అందులో చుక్కతో మొదలైన పంక్తి ఆదేశం, మిగిలినది అచ్చువేయాల్సిన మాట. దాని వారసుడిగా బెల్ ల్యాబ్స్‌లో జో ఒసాన్నా రాసిన ‘ట్రాఫ్’ వచ్చింది. ట్రాఫ్‌లో ఆదేశాలు మరీ చిన్నవి: ఇంత జరుగు, ఇంత ఖాళీ వదులు, ఈ అక్షరం వాడు. వాటితో నేరుగా పుస్తకం రాయడం నరకం. అందుకే మైక్ లెస్క్ శీర్షికకు ఒకటి, పేరాకు ఒకటి చొప్పున మాక్రోలు కట్టి ఒక మూటగా ఇచ్చాడు. యూనిక్స్ వాడేవాళ్ళు ఈనాటికీ చదివే ‘మ్యాన్’ పేజీలకూ ట్రాఫ్ మీద కట్టిన మాక్రోలే ఆధారం. సాంకేతిక పత్రాలకు ప్రత్యేకంగా మాక్రోలు రాసుకునే అలవాటుకు అసలైన పునాది అక్కడ పడింది.

నూత్ కోపం, లాంపోర్ట్ క్రమం

స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ డొనాల్డ్ నూత్ రాసిన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ తొలి ముద్రణ సీసపు అక్షరాలతో అందంగా వచ్చింది. 1977లో రెండో సంపుటం కొత్త ముద్రణకు ఫొటో కంపోజింగ్ ప్రూఫులు చేతికొచ్చాయి. అవి చూసి ఆయనకు కడుపు మండింది. అచ్చుకూర్పు ప్రోగ్రాము తనే రాసుకుంటానని కూర్చున్నాడు. ఒక ఏడాది సెలవులో తేలుతుందనుకున్న పని, అక్షరాలు గీసే మెటాఫాంట్‌తో సహా పూర్తిగా ఒక కొలిక్కి రావడానికి దాదాపు పదేళ్ళు పట్టింది. ఆ ప్రోగ్రామే ‘టెక్’.

టెక్‌ను ఒక ప్రోగ్రామింగ్ భాషగా చెయ్యాలని నూత్ మొదట అనుకోలేదు. గై స్టీల్ లాంటి తొలి వాడుకరులు పట్టుబడితే అయిష్టంగానే ఒక్కో సదుపాయం చేర్చాడు. 1982లో మొత్తం తిరగరాశాక మాక్రోలే దానికి వెన్నెముక అయ్యాయి. టెక్‌లో పుట్టుకతో వచ్చిన ఆదేశాలు సుమారు 300. వాటి మీద ‘ప్లెయిన్’ అనే పేరుతో నూత్ స్వయంగా కట్టి ఇచ్చినవి మరో 600. ఒక్కో మాక్రోకు తొమ్మిది దాకా విలువలు అందించవచ్చు. 1984లో వచ్చిన ‘ది టెక్‌బుక్’ ఈ విద్యకు ఇప్పటికీ మూలగ్రంథం.

1980ల తొలి భాగంలో లెస్లీ లాంపోర్ట్ ఆ మాక్రోల మీద ఇంకో అంతస్తు లేపాడు. అదే ‘లేటెక్’. ఆయన పట్టిన సూత్రం ఒక్కటే: రాసేవాడు ‘ఇది శీర్షిక’ అని చెప్పాలి గానీ ‘ఇది 14 పాయింట్ల బోల్డు’ అని చెప్పకూడదు. 1986 నాటి ఆయన పుస్తకంతో లేటెక్ ప్రపంచమంతా పాకింది. 1994లో ఫ్రాంక్ మిట్టెల్‌బాక్ బృందం కొత్త రూపాన్ని విడుదల చేసింది, ఇప్పటికీ అదే వాడుకలో ఉంది. శ్రమ తప్పించుకోవడానికి పుట్టిన మాక్రో, లాంపోర్ట్ చేతిలో అర్థం చెప్పే సాధనమైంది. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే.

ప్రశ్నోత్తరాల దగ్గరికి

ప్రశ్నోత్తరాల పత్రానికి సొంత మాక్రోలు రాసుకున్నవాళ్ళలో ముందు చెప్పుకోవలసింది టెక్ వాడుకరులనే. 1990ల మధ్యలో బ్రిటన్‌లోని టెక్ వాడుకరుల సంఘం తమ పత్రిక ‘బాస్కర్‌విల్’లో తరచుగా అడిగే ప్రశ్నల జాబితా అచ్చువేసింది. దాన్ని ఏళ్ళ తరబడి రాబిన్ ఫెయిర్‌బెయిర్న్స్ పెంచి పోషించాడు. అందులో ప్రతి ప్రశ్నకూ ఒక గుర్తు ఉండేది. ఇంకో జవాబులో దాన్ని ప్రస్తావించాలంటే నంబరు కాకుండా ఆ గుర్తు రాసేవారు. ఒకే మూలం నుంచి అచ్చుప్రతి, వెబ్ ప్రతి రెండూ తీసేవారు. తర్వాతి తరం దాన్ని మార్క్‌డౌన్ అనే తేలిక గుర్తుల పద్ధతిలోకి మార్చుకుంది. ఏది ప్రశ్నో ఏది జవాబో మూలంలోనే తేటగా రాసి ఉంటే ఇలాంటి బదిలీలు సాధ్యమవుతాయి.

పరీక్షల వైపు ఫిలిప్ హిర్ష్‌హార్న్ రాసిన ‘ఎగ్జామ్’ అనే లేటెక్ క్లాసు, అంటే మాక్రోల మూట, పేరు పొందింది. ప్రశ్న పక్కనే జవాబు రాసిపెట్టుకోవచ్చు. పైన ఒక్క ఆదేశం ఉంటే జవాబులు అచ్చవుతాయి, తీసేస్తే మాయమవుతాయి. ఒకే ఫైలు పిల్లలకు ప్రశ్నపత్రం, మేష్టారికి ‘కీ’. 1986లో మొదలైన ఎంసెట్‌ను తెలుగువాళ్ళకు పరిచయం చెయ్యక్కర్లేదు. పక్క బెంచీ వాడి ప్రశ్న నంబరుతో మన నంబరు కలవకుండా బుక్‌లెట్లకు కోడ్‌లు వేసి ప్రశ్నలు తారుమారు చేసిన రోజులు మనకు గుర్తే. అలా తారుమారు చేసినా ప్రశ్నకూ జవాబుకూ ముడి తెగకూడదంటే, నంబరును మనిషి వెయ్యకూడదు, యంత్రమే లెక్కపెట్టాలి.

ముళ్ళెక్కడ?

సొంత మాక్రోలు రాసేవాళ్ళు తగులుకునే ముళ్ళు మూడున్నాయి. మొదటిది పేర్ల గొడవ. టెక్‌లోని ‘డెఫ్’ ఆదేశం అప్పటికే ఉన్న పేరునైనా చప్పుడు చెయ్యకుండా తుడిచి కొత్త అర్థం ఇచ్చేస్తుంది. ఎక్కడో పదో పేజీలో ఇంకేదో విరిగిపోతుంది. లేటెక్‌లోని ‘న్యూకమాండ్’ మాత్రం ఆ పేరు ఇదివరకే ఉందని ఆపి చెబుతుంది. అందుకే రెండోదే వాడాలి.

రెండోది, సాంకేతిక జవాబుల్లో తప్పకుండా వచ్చే కోడ్. టెక్‌కు శాతం గుర్తు అంటే వ్యాఖ్య, దాని తర్వాత పంక్తి చివరిదాకా ఉన్నదంతా వదిలేస్తుంది. శేషం కనిపెట్టే ప్రోగ్రాములో ఆ గుర్తు ఉంటే సగం పంక్తి గల్లంతు. కోడ్‌ను ఉన్నదున్నట్టు చూపే ‘వెర్బేటిమ్’ ఉంది గానీ, జవాబు మొత్తాన్ని మాక్రోకు విలువగా అందిస్తే అది పనిచెయ్యదు. విలువను చదువుకునేటప్పుడే టెక్ ప్రతి గుర్తుకూ దాని పాత్ర ఖాయం చేసేస్తుంది మరి. అందుకని చిన్నదైన ప్రశ్నను మాక్రోగా, కోడ్ ఉండే జవాబును ‘ఎన్విరాన్‌మెంట్’గా, అంటే మొదలూ చివరా గుర్తులున్న ఆవరణగా రాసుకోవడం మేలు. 2020 నుంచి లేటెక్ కేంద్రభాగంలోనే చేరిన కొత్త ఆదేశాలతో ఇలాంటి పనులు కొంత తేలికయ్యాయి.

మూడోది, జవాబులన్నీ చివర ఒకచోట రావాలనుకోవడం. లేటెక్ వాటిని ఒక పక్క ఫైలులో రాసిపెట్టి చివర చదువుకుంటుంది. ప్రశ్నల నంబర్లను ఇంకోచోట ప్రస్తావించినప్పుడూ ఇదే పద్ధతి. అందుకే ఫైలును రెండుసార్లు నడపాలి. మొదటిసారి నంబర్ల చోట ప్రశ్నార్థకాలు కనబడితే కంగారుపడనక్కర్లేదు.

తెలుగు దారి

టెక్‌కు తెలుగు నేర్పింది ప్రవాసులు. 1990ల తొలినాళ్ళలో ముక్కవిల్లి లక్ష్మి, ముక్కవిల్లి లక్ష్మణకుమార్ మెటాఫాంట్‌తో అక్షరాలు గీసి ‘తెలుగుటెక్’ తెచ్చారు. అదే కాలంలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం నుంచి ఇంగ్లీషు లిపిలో తెలుగు రాసే ‘ఆర్‌టీఎస్’ పద్ధతి వచ్చింది. 1998లో మొదలైన ‘ఈమాట’ పత్రిక తొలి రోజుల్లో రచయితలు ఆ పద్ధతిలోనే రాసేవారు. 2004లో జొనాథన్ క్యూ ‘జీటెక్’ విడుదల చేశాక యూనికోడ్ తెలుగును నేరుగా టైపు చేసే వీలు కలిగింది. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన ఫాంటు, సిలికానాంధ్ర పూనికతో వచ్చిన మండలి, గిడుగు, సురవరం ఫాంట్లు అన్నీ అందులో వాడుకోవచ్చు. మాక్రో పేరు కూడా తెలుగులో \ప్రశ్న, \జవాబు అని పెట్టుకోవచ్చు.

అయినా హైదరాబాదు అచ్చుపని ఈ దారి పట్టలేదు. నగరంలోని డీటీపీ సెంటర్లు పేజ్‌మేకర్, అను ఫాంట్లతో స్థిరపడ్డాయి. నంబర్లు చేత్తో వెయ్యడం, తప్పొస్తే చేత్తో దిద్దడం అలవాటైంది. విదేశీ జర్నళ్ళకు టెక్‌లో పేజీలు కూర్చిపెట్టే పరిశ్రమ తిరువనంతపురంలో వేళ్ళూనుకుంది. టెక్ వాడుకరుల భారత సంఘం 1998లో అక్కడే పుట్టింది. 2002, 2011, 2025లలో ప్రపంచ టెక్ సదస్సులు జరిగిందీ అక్కడే. మన దగ్గర టెక్ ఎక్కువగా గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల పరిశోధన పత్రాల వరకే ఆగింది. ప్రోగ్రాములో ఒకే కోడ్‌ను రెండుచోట్ల రాస్తే ఊరుకోని సీనియర్ ఇంజినీర్లు, తమ పత్రాల్లో ప్రతి ప్రశ్ననూ చేత్తో బోల్డ్ చేసుకుంటూ కూర్చుంటారు.

టెక్ వాడినా, వర్డ్ వాడినా, మార్క్‌డౌన్ వాడినా సూత్రం మారదు. వర్డ్‌లో దాని పేరు స్టైల్, వెబ్‌లో క్లాస్. సరుకును పేరుతో పిలవాలి, వేషంతో కాదు. ‘నీలిబోల్డు’ అని పేరు పెట్టిన మాక్రో, కంపెనీ రంగు మారిన రోజు అబద్ధమవుతుంది. ‘ప్రశ్న’ అని పేరు పెట్టినది ఎన్ని రంగులు మారినా ప్రశ్నే.

కాబట్టి మీ టీములో ప్రశ్నావళి రాయబోతుంటే పదో ప్రశ్న దాటకముందే నాలుగు పేర్లు ఖాయం చేసుకోండి: ప్రశ్న, జవాబు, కోడ్, సూచన. వాటి రూపురేఖలన్నీ ఒక్కచోటే రాయండి. నంబరు మాత్రం ఎప్పుడూ మీ చేత్తో వెయ్యకండి.