మైకు ముందుకు రానివాళ్లు

ఆదివారం మధ్యాహ్నం మా చల్లపల్లి సెంటర్లో కిళ్లీకొట్టు రేడియోలో ఉషశ్రీ గారి రామాయణం వస్తుంటే, సైకిలు మీద వెళ్లేవాడు కూడా దిగి నిలబడేవాడు. ఆ గొంతు ఎవరిదో అందరికీ తెలుసు. దాన్ని మన చెవిదాకా చేర్చినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. ఆకాశవాణిలో పనిచేసిన నేను ఆ రెండో బాపతు మనిషిని. మా పని గురించి ఎక్కడా రాసిపెట్టి లేదన్నది నా బాధ.

1938 జూన్ 16న ఆకాశవాణి మద్రాసు కేంద్రం మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. పొద్దున్నే వచ్చే భక్తిగీతాల కార్యక్రమం భక్తిరంజని అనగానే బాలాంత్రపు రజనీకాంతరావు గారు గుర్తొస్తారు, గుర్తురావాలి కూడా. కానీ తెల్లవారుజామున వాల్టర్ కాఫ్‌మన్ కట్టిన ఆకాశవాణి ట్యూను మోగకముందే డ్యూటీ రూములో ఒకరు, ఏది ఎప్పుడు వెళ్లాలో రాసి ఉన్న క్యూషీటు ముందేసుకుని కూర్చుని ఉండేవారు.

ఈ పని నేర్పే బడి మన జిల్లాలో లేదు. ఢిల్లీలో ఆకాశవాణి శిక్షణ సంస్థ ఉన్నా, ఉద్యోగంలో చేరినవాళ్లకే. మేము సీనియర్ల పక్కన కుర్చీ వేసుకుని నేర్చుకున్నాం. ఏడంగుళాల స్పూలులో 1,200 అడుగుల టేపు. సెకనుకు ఏడున్నర అంగుళాల చొప్పున తిరిగితే 32 నిమిషాలు. రెండు స్పూళ్లనూ చేత్తో ముందుకీ వెనక్కీ ఆడిస్తూ మాట మొదలయ్యే చోటు వెతికి, టేపు వీపున పసుపు పెన్సిలుతో గీత పెట్టి, అతుకులు వేసే దిమ్మె గాడిలో పరిచి బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికించేవాళ్లం. నిలువుగా కోస్తే అతుకు దగ్గర టక్కుమనేది.

మొదట్లో ఒక ఉపన్యాసంలో ఊపిరి చప్పుళ్లన్నీ కోసేసి, శుభ్రం చేశాననుకున్నాను. మా సీనియరు విని, "ఊపిరి తీసేస్తే అది మనిషి మాట కాదురా అబ్బాయ్" అన్నారు. చెత్తబుట్టలోంచి ముక్కలు ఏరి మళ్లీ అతికించాను. రెండంగుళాల లోపు ముక్కలవి. ఆ సాయంత్రం నేర్చుకున్నంత ఇంకెప్పుడూ నేర్చుకోలేదు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. మా ఊరికి కింద ఉన్న పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాత ఏ షిఫ్టులోనైనా తుఫాను హెచ్చరిక ఉంటే, అది వెళ్లిన నిమిషం లాగ్‌బుక్కులో రాసి, రెండోసారి చూసుకునేవాణ్ణి. వింటున్నది మావాళ్లే కదా.

ఇప్పుడు బ్లేడు పోయి కంప్యూటరొచ్చింది. జహీరాబాదు దగ్గర మాచనూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియో అనే సముదాయ రేడియోలో, పొలం పనులు చేసుకునే దళిత మహిళలే రికార్డింగు, ఎడిటింగు నేర్చుకుని నడిపారు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మన దివి ప్రాంతంలో కంట్రోలు రూముల్లో, టేపు లైబ్రరీల్లో పనిచేసి రిటైరైనవాళ్లు మీకు తెలిస్తే, ఒక పూట వెళ్లి కూర్చోండి. ఫోన్లో రికార్డు చెయ్యండి. ముందు వాళ్ల పేరు చెప్పించండి.