స్పయాన్ కాప్: ఒక జనసమూహపు చరిత్ర

ఐరోపాఖండమున పర్యటించు మనవారు రాజప్రాసాదములను, క్రైస్తవ దేవాలయములను, చిత్రశాలలను తప్పక దర్శింతురు. ఆ నగరముల సామాన్యప్రజలు తమ కాళ్లతో, తమ కంఠములతో నిర్మించుకొన్న చరిత్రకు మాత్రము దర్శనీయస్థలముల పట్టికలో చోటు దొరకుట అరుదు. వారాంతమున ఫుట్‌బాల్ మైదానముల చుట్టును చేరు జనమును చూచి, ఇది ఆటపైని వెఱ్ఱి యని తలచి తొలగిపోవుట సులభము. కాని ఆ జనము పాడు పాటకు, ధరించు కండువాకు, నిలుచు చోటికి, పొరుగుదేశములకు చేయు యాత్రకు వేఱువేఱుగా చరిత్ర కలదు. అందు శ్రమజీవుల విరామకాలమును, సాగరవాణిజ్యమును, యుద్ధమును, అపరాధమును, శోకమును పెనవేసికొని యున్నవి. వీని నన్నిటిని ఒక్కచోట చూడగోరువాడు ఇంగ్లండునందలి లివర్‌పూల్ నగరమునకు పోయి, ఆన్‌ఫీల్డ్ మైదానమున ఒక గోలు వెనుక ఎత్తుగా లేచిన ‘కాప్’ అను ప్రేక్షకవేదిక కథను తెలిసికొనవలెను.

ఆ కథ ఆటస్థలమున గాక, కర్మాగారమున మొదలైనది. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టము నేతమిల్లులలో పనిచేయు స్త్రీలకును, చిన్నవయస్సువారికిని శనివారము మధ్యాహ్నము రెండుగంటలకే పని ముగియవలెనని శాసించెను; క్రమముగా ఆ సగముదినపు సెలవు ఇతర వృత్తులవారికిని సంక్రమించెను. ఆరుదినములు యజమానుని గడియారమునకు లోబడి బ్రదికిన మనుష్యునకు తనదియే యని చెప్పుకొనదగిన ఒక అపరాహ్ణము లభించినది. దానిని ఫుట్‌బాల్ ఆక్రమించినది. 1888లో లీగు పోటీలు ఆరంభమగునాటికి ఉత్తర ఇంగ్లండు పారిశ్రామికనగరములలో శనివారపు ఆట ఒక ఆచారముగా స్థిరపడెను. పత్తి మూటలు దిగు రేవులు గల లివర్‌పూల్‌లో, పూటపూటకును పని దొరకునో దొరకదో యను చింతతో రేవు ద్వారముల కడ నిలిచెడి కూలీలకు ఆ ఆటయొక్క ఆకర్షణ మఱింత అధికము. ఆన్‌ఫీల్డ్‌లో మొదట ఆడినది ఎవర్టన్ జట్టు. అద్దె విషయమున జాన్ హౌల్డింగ్ అను వ్యాపారితో తగవుపడి ఆ జట్టు 1892లో మైదానమును విడిచిపోగా, మిగిలిన ఖాళీ స్థలమునకు ఆటగాండ్రు కావలసి ఆయన లివర్‌పూల్ క్లబ్బును స్థాపించెను.

ఇచట చరిత్ర మనలను ఒక్కసారిగా దక్షిణాఫ్రికాకు తీసికొనిపోవును. 1900 జనవరి 23వ తేదీ రాత్రి, నేటాల్ సీమయందలి స్పయాన్ కాప్ అను గుట్టను బ్రిటిషు సైనికులు మంచుచీకటిలో ఎక్కిరి. రాతినేలలో లోతుగా కందకములు త్రవ్వుటకు వీలుపడలేదు. తెల్లవారి మంచు విడిపోగా, చుట్టునున్న ఉన్నతస్థలములనుండి, ఆ దేశమున స్థిరపడిన డచ్చివారి సంతతి యైన బోయర్ల ఫిరంగులు వారిపై గుండ్లు కురిపించెను. ఆ దినమున మడిసినవారిలో లివర్‌పూల్ చుట్టుపట్టులనుండి, లాంకషైర్ జిల్లా పట్టణములనుండి పోయిన కార్మికకుటుంబముల యువకులు ఎందఱో యుండిరి. ఆ గుట్టనుండి క్షతగాత్రులను మోసికొని వచ్చినవారిలో భారతీయులును ఉండిరి. మోహనదాస్ గాంధీ కూర్చిన అంబులెన్సు దళములోని సుమారు 1,100 మందిలో ఇంచుమించు 800 మంది చెఱకుతోటలు మొదలగు చోట్ల పనిచేయు ఒప్పందపు కూలీలు. 1860 మొదలు మద్రాసు రేవునుండి నేటాలుకు ఓడలెక్కిన అట్టి కూలీలలో తెలుగు జిల్లాలవారు పెక్కుమంది యుండిరి గావున, ఈ గుట్ట పేరు విన్న తెలుగువానికి అది బొత్తిగా పరాయిది కాదు.

యుద్ధవార్తలు పత్రికలలో చదివిన జనము మైదానముల కడ పోసిన మట్టిదిబ్బలకు ఆ గుట్ట పేరు పెట్టసాగిరి. 1904లోనే లండనునందలి ఉలిచ్ ఆర్సెనల్ మైదానమున ఆ పేరు వినబడినది. లివర్‌పూల్ జట్టు 1906లో లీగు విజేత యైన పిమ్మట, ఆన్‌ఫీల్డ్‌లో బొగ్గుబూడిదతోను రాళ్లముక్కలతోను ఎత్తైన దిబ్బ పోసి మెట్లు కట్టగా, ఎర్నెస్టు ఎడ్వర్డ్స్ అను స్థానిక పత్రికా క్రీడాసంపాదకుడు దానికి స్పయాన్ కాప్ అను పేరు సూచించెను. జనము దానిని ‘కాప్’ అని కుదించిరి. దాని మూలన పతాకస్తంభముగా నాటబడినది ‘గ్రేట్ ఈస్టర్న్’ అను మహానౌకయొక్క స్తంభము. 1870లో బొంబాయికిని ఏడెనుకును నడుమ సముద్రగర్భమున తంతి పఱచినది ఆ ఓడయే; మెర్సీ నదీతీరమున దానిని విడదీసినపుడు ఈ స్తంభము మిగిలి, గుఱ్ఱముల చేత ఈడ్పింపబడి ఆన్‌ఫీల్డ్ చేరినది. ఇట్లు సామ్రాజ్యపు యుద్ధమునుండి పేరును, సామ్రాజ్యపు వాణిజ్యమునుండి స్తంభమును తెచ్చుకొని, ఆ రెంటి బరువును మోసిన శ్రామికులే అక్కడ నిలిచి ఆటను చూచిరి.

1928లో పైకప్పు వేసిన తరువాత కాప్‌పై సుమారు 28,000 మంది నిలువగలిగిరి. అక్కడ కుర్చీలు లేవు. మెట్లపై అక్కడక్కడ ఇనుపకమ్ములు అడ్డముగా పాతబడియుండెడివి. ఏండ్ల తరబడి ఒకే కమ్మి కడ నిలిచెడివారు దానిని తమ యింటి యరుగువలె భావించెడివారు. పిల్లలకు మూలన వేఱుగ ఒక కంచె యుండెను. అందు నిలిచి పెరిగినవాడు ఒకనాడు పెద్దల నడుమకు చేరుట ఉపనయనమువంటి గౌరవము. గోలు పడిన క్షణమున పైమెట్లనుండి జనమంతయు ముందునకు తూలి దిగెడిది. ఆ త్రోపులో కాళ్లు నేల నానక పది మెట్లు క్రిందికి పోయినవాడు, జనము వెనుకకు సర్దుకొన్నపుడు తిరిగి తన కమ్మి కడకే చేరుకొనెడివాడు. ఇరుగుపొరుగు పేరు తెలియకున్నను భుజము తెలియును. పడిపోయిన అపరిచితుని చేయి పట్టి లేపుట అచ్చటి అలిఖితధర్మము.

చలికి తాళుటకై మెడకు చుట్టుకొన్న ఉన్నికండువాయే కాలక్రమమున ఆ జనమునకు చిహ్నమైనది. ఇంటి స్త్రీలు ఎఱుపు తెలుపు అడ్డపట్టెలతో అల్లి యిచ్చిన ఆ కండువాను, పాట మొదలుకాగానే రెండు కొసలు పట్టి తలపైకి బిగువుగా చాపుదురు. ఒక్కొక్క కొస ప్రక్కవాని కొసను తాకగా, మెట్లపై మనుష్యుల ముఖములు మఱుగై ఎఱ్ఱని వరుసలు మాత్రమే కనబడును.

పాట యన్నచో, పూర్వము ఆ జనము కేకలు వేసెడివారే గాని కూడి పాడువారు కారు. 1960 ప్రాంతముల లివర్‌పూల్ యువకులు ప్రపంచమునకు క్రొత్త సంగీతమును వినిపించుచుండగా, ఆట ఆరంభమగుటకు ముందు మైదానమున ఆ వారపు ప్రసిద్ధగీతములను ధ్వనివిస్తారకములలో వినిపించుట పరిపాటి యైనది. మెట్లపై గంటలకొలది వేచియుండు జనము ఆ పాటలను అందుకొనిరి. 1945లో అమెరికాలో ప్రదర్శింపబడిన ‘కరూసెల్’ అను సంగీతనాటకమున, భర్తను కోల్పోయిన స్త్రీకి ధైర్యము చెప్పు సందర్భమున పాడు ‘యూ విల్ నెవర్ వాక్ అలోన్’ అను గీతమును, లివర్‌పూల్‌కే చెందిన జెర్రీ అండ్ ది పేస్‌మేకర్స్ బృందము 1963లో రికార్డు చేయగా అది దేశమున అగ్రస్థానమున నిలిచెను. ఇతరగీతములు వచ్చి పోయినవి, ఇది నిలిచిపోయినది. 1964 వసంతమున బి.బి.సి. వారి ‘పనోరమా’ బృందము వచ్చి ఆ గానమును చిత్రీకరించుకొని పోయినది. ఆట గాక ఆట చూచువారే వార్త యైన అరుదైన సందర్భమది. నాటకమున వితంతువునకు చెప్పిన ఓదార్పు ముందుముందు తమకును అవసరపడునని ఆ పాడినవారిలో ఎవరును ఎఱుగరు.

ఐరోపా పోటీలు ఆ జనమునకు ప్రయాణమును నేర్పినవి. 1965 మే 4న ఇటలీనుండి వచ్చిన ఇంటర్ మిలాన్ జట్టును కాప్ తన గానముతో దిగ్భ్రమపఱచెను. వారముదాటిన పిమ్మట మిలాన్ నగరమున పొగబాంబుల నడుమ లివర్‌పూల్ ఓడిపోయెను. పరదేశపు జనమునకును పాటలున్నవని, పరాక్రమమున్నదని అప్పుడు తెలిసినది. 1977 మార్చిలో ఫ్రాన్సునందలి గనుల పట్టణము సెయింట్ ఎటియెన్‌నుండి ఆకుపచ్చని దుస్తులతో వచ్చిన అభిమానులు ఆన్‌ఫీల్డ్‌లో తమ జట్టు ఓడినను పాడుట మానలేదు. వారి పాట బాణీని కాప్ తన పాటగా మార్చుకొనెను. ఆ మే నెలలో రోమ్ నగరమున జరిగిన తుదిపోటీకి ఇరువదివేలకు పైబడిన జనము రైళ్లలో, బస్సులలో, దొరకిన ప్రతి వాహనములో తరలిపోయిరి. జోయీ జోన్స్ అను ఆటగానిని కీర్తించుచు, ఆ ఏడు ఓడిన జట్ల దేశముల వంటకములతో చమత్కారము చేసి అభిమానులు వ్రాసి తెచ్చిన పొడవైన బట్ట ఆనాటి చిత్రములలో నేటికిని కానవచ్చును. తండ్రులు సైనికులుగా చూచిన ఐరోపాను కొడుకులు అతిథులుగా చూచిరి. తిరిగివచ్చునపుడు జర్మనీ బూట్లను, ఇటలీ చొక్కాలను, క్రొత్త బాణీలను తెచ్చుకొనిరి.

ఈ యాత్రలయందే మహాపరాధమును జరిగినది. 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హేసెల్ మైదానమున, జువెంటస్‌తో తుదిపోటీకి ముందు, లివర్‌పూల్ అభిమానులలో కొందఱు ప్రక్కభాగమునందలి ఇటాలియనుల మీదికి దూకిరి. భయముతో ఒదిగిన జనము ఒత్తిడికి గోడ కూలి 39 మంది మరణించిరి. అందు 32 మంది ఇటలీ దేశీయులు. మైదానము శిథిలమైనదని, అధికారులు ఏర్పాట్లు సరిగా చేయలేదని చెప్పుట సత్యమే. అయినను ఆ సత్యము మీదికి దూకినవారి దోషమును తగ్గింపజాలదు. బెల్జియం న్యాయస్థానము 14 మంది అభిమానులను దోషులుగా నిర్ణయించెను. ఇంగ్లండు క్లబ్బులు అయిదేండ్లు, లివర్‌పూల్ ఆరేండ్లు ఐరోపా పోటీలనుండి బహిష్కరింపబడెను. కాప్ చరిత్రను ప్రేమతో చెప్పువాడు ఈ పుటను త్రిప్పివేయరాదు.

నాలుగేండ్లకు శోకము తమ యింటికే వచ్చినది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానమున, పోలీసులు ఒక ద్వారమును తెఱపించి జనమును అప్పటికే క్రిక్కిరిసిన ఇనుపకంచెల నడుమకు పోనిచ్చుటచే, 97 మంది లివర్‌పూల్ అభిమానులు ఆ త్రొక్కిడిలోను తదనంతరమును ప్రాణములు కోల్పోయిరి. తప్పు మృతులదే యని ప్రచారము జరిగినది. దానిని తుడిచివేయుటకు కుటుంబములు 27 సంవత్సరములు పోరాడవలసి వచ్చెను, 2016లో గాని అప్పటికి మృతులైనవారి మరణములు అన్యాయవధలని జ్యూరీ నిర్ణయింపలేదు. ప్రమాదము జరిగిన వారములోనే కాప్ మెట్లు పువ్వులతోను కండువాలతోను నిండిపోయెను. ప్రత్యర్థి ఎవర్టన్ మైదానమునుండి ఆన్‌ఫీల్డ్ వఱకు ఇరుపక్షముల కండువాలను ముడివేసి ఒక్కటిగా పఱచిరి. ఆ దుర్ఘటనకు నాలుగుదినముల పిమ్మట మిలాన్ నగరపు సాన్ సీరో మైదానమున, రియల్ మాడ్రిడ్‌తో స్థానికజట్టు ఆడుచుండగా, మృతుల స్మృత్యర్థము ఆట కొంతసేపు నిలిపివేయబడినది. ఇటాలియను జనము లేచి లివర్‌పూల్ పాటను పాడిరి. హేసెల్ మృతుల దేశము హిల్స్‌బరో మృతులకు అర్పించిన ఆ నివాళి కంటె గొప్ప ఔదార్యము క్రీడాచరిత్రలో నాకు కానరాదు.

హిల్స్‌బరో దుర్ఘటనపై విచారణ జరిపిన టేలర్ నివేదిక అనుసారము పెద్ద మైదానములలో అందఱును కూర్చుండియే చూడవలెనను నిబంధన వచ్చినది. 1994 ఏప్రిల్ 30న నార్విచ్ జట్టు చేత ఓడిన ఆటతో నిలుచు కాప్ ముగిసినది. జర్మనీ మాత్రము నిలుచు పద్ధతిని విడువలేదు. డార్ట్‌మండ్ దక్షిణవేదికపై నేటికిని దాదాపు 25,000 మంది నిలిచి చూతురు, వారును అదే పాటను పాడుదురు. 2016 ఏప్రిల్‌లో ఆ రెండు జట్లు ఆన్‌ఫీల్డ్‌లో తలపడినపుడు ఇరుపక్షములును కలసి పాడిరి. 2022 మొదలు ఇంగ్లండులోను కమ్ములతో కూడిన సురక్షితస్థలములందు నిలుచుటకు అనుమతి తిరిగి లభించుచున్నది.

హేసెల్ పిమ్మట జువెంటస్‌తో మఱల తలపడు సందర్భము 2005 ఏప్రిల్‌లో గాని రాలేదు. కాప్‌పై అభిమానులు అట్టలు ఎత్తి స్నేహమును తెలుపు ఇటాలియను పదమును కూర్చిరి. టొరినోనుండి వచ్చినవారిలో కొందఱు చప్పట్లు కొట్టిరి, కొందఱు వీపులు త్రిప్పిరి. ఆ ఇరువురును న్యాయము తప్పలేదు: క్షమ కోరుట ఒకరి కర్తవ్యము, క్షమించుట మఱియొకరి స్వేచ్ఛ. 2018లో ఐరోపా యాత్రలయందు లివర్‌పూల్ జనము ఒక క్రొత్త పాటను ఎత్తుకొనిరి. దాని బాణీ ఇటలీ అభిమానులనుండి దేశములు దాటి వచ్చినది. దానిని మొదట పాడినవారు రిగైరా అను టొరినో గాయకద్వయము, అది వెలువడినది హేసెల్ దుర్ఘటన జరిగిన 1985లోనే. జువెంటస్ నగరపు గాయకుల రాగమును కాప్ తన విజయగీతముగా పాడుచున్నది.

ఈ చరిత్రనుండి నేను గ్రహించినది ఒక్కటియే: ఒక జనసమూహమునకును మనుష్యునివలె శీలమున్నది, అది నేర్చుకొనగలదు, పాపము చేయగలదు, పశ్చాత్తప్తము కాగలదు. శత్రువని పిలిచిన నగరముతోడి సహవాసమే దానికి పాటను, వేషమును, సంస్కారమును ఇచ్చినది. ఆ సహవాసమును ద్వేషముగా మార్చిననాడు అది ప్రాణములు తీసినది. కావున ఆ వారసత్వమును కోరువాడు కీర్తిని మాత్రమే గాక 39 మంది లెక్కను, 97 మంది లెక్కను కూడ తనవిగా స్వీకరింపవలెను. ఆ వారసత్వము నిలుచుట రేవుకూలీల మనుమలు ఆ మెట్లపైకి రాగలుగుటపై ఆధారపడియున్నది. 2016 ఫిబ్రవరిలో, 77 పౌండ్ల టిక్కెట్టును ప్రకటించినందుకు నిరసనగా, వేలకొలది జనము ఆట 77వ నిమిషమున లేచి వెళ్లిపోయిరి. కొలదిదినములలోనే యజమానులు క్షమాపణ చెప్పి ధరలను ఉపసంహరించుకొనిరి. కట్టడమును డబ్బుతో ఎవరైనను కట్టవచ్చును. అందు పాడు జనమును ఏ డబ్బును కొనితేజాలదు. ఆ దినమున లేచి వెళ్లినవారు ఈ సత్యమును తమ యజమానులకు తెలియజెప్పి, శతాబ్దమునకు పైబడిన తమ ఆచారమును కాపాడుకొనిరి.